చక్కెర పుటలో చివరి వరుస

పోయిన వారం దోన్యా మెల్చోరాని వీధి తలుపు గడియ మీద చెయ్యి వేసిన చోట వదిలేశాం. పాపం, ఏడు రోజులుగా అలాగే నిలబడి ఉంది. తలుపు తట్టిందెవరో ఆవిడకి తెలుసు. తియ్యకపోతేనే మేలని కూడా తెలుసు. కానీ వచ్చిన మనిషిని గుమ్మం బయట మంచుతుంపరలో నిలబెట్టిన ఇల్లాలి గురించి లీమా పట్నం సాయంత్రానికల్లా ఏమనుకుంటుందో అది అన్నిటికన్నా బాగా తెలుసు.

ఆవిడ గడియ తీసేలోగా, కథ మధ్యలో వచ్చి కూర్చున్నవారి కోసం నాలుగు ముక్కలు.

మెల్చోరా వితంతువు. వయసు నలభైకి ఇవతలే అని ఆవిడ అంటుంది, మనం కాదనం. మేనమామ పాద్రీ అంబ్రోసియో ఇంట్లో ఉంటుంది. కయ్యావో రేవులో దిగే పుస్తకాల్లో రాజుగారికీ మతానికీ గిట్టని వాక్యాలుంటే వాటి మీద నల్లసిరా పూసి, పుస్తకాన్ని సాధువుని చేసి సొంతదారుకి అప్పగించడం పాద్రీగారి ఉద్యోగం. ఏ పుస్తకంలో ఏ పుట, ఏ వరుస నుంచి ఏ వరుస దాకా పుయ్యాలో, మతద్రోహుల్ని పట్టే విచారణ పీఠం వారు జాబితా వేసి పంపుతారు. చెడ్డ మాటలు ఎక్కడెక్కడున్నాయో ఇంత శ్రద్ధగా వేలు పెట్టి చూపించే కాగితం లోకంలో ఇంకోటి ఉండదు.

నాలుగేళ్ళ క్రితం పాద్రీగారి రెండు కళ్ళకీ పాలమీగడ లాంటి పొర కమ్మింది. సంగతి బయటపడితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో వచ్చిన ఇల్లూ పోతుంది. అంతకన్నా ముందు ఆ ముసలి ప్రాణమే పోతుందని భయపడి మెల్చోరా కుంచె తన చేతిలోకి తీసుకుంది.

"చదవకుండా పుయ్యి తల్లీ" అన్నారు మావయ్య ఆ రోజు. "కళ్ళు మూసుకుని పుయ్యి."

"అలాగే మావయ్యా" అంది మెల్చోరా.

సిరా పుయ్యాలంటే వాక్యం దొరకాలి. దొరకాలంటే చదవాలి. చిన్నప్పుడు మఠంలో ఒక ఫ్రెంచి సన్యాసిని నేర్పిన భాష ఇలా అక్కరకొస్తుందని ఆ సన్యాసిని ఊహించి ఉండదు. చదవడానికి అనుమతి పత్రం ఉన్నది పాద్రీగారికి. ఆడవాళ్ళకి అలాంటి పత్రం ఇచ్చినట్టు ఎవరూ వినలేదు. పత్రం లేకుండా చదివినవాళ్ళు ఏమయ్యారో మాత్రం అందరూ విన్నారు. ఆ విధంగా, లీమాలో నిషేధించిన మాటలన్నీ వరసపెట్టి చదివిన ఏకైక మనిషి, ఊదా మొక్కజొన్న పాయసానికి పేరు మోసిన మన మెల్చోరాయే.

ఇక గడియ తీసింది.

ముందు మంచు లోపలికి వచ్చింది, దాని వెనకాల మనుషులు. లీమాలో ఆగస్టు నెలంటే అంతే. వాన కురవదు, ఎండ కాయదు, ఆకాశం తడిబట్టలా ఊరిమీద ఆరేసి ఉంటుంది. పగలు పదకొండు గంటలకి కూడా గోడలు గోడల్లా ఉండవు, ఎవరో చెప్పిన గోడల్లా ఉంటాయి. ఆ తెలుపులోంచి ఒక నల్ల అంగీ, పొడుగు ముక్కు, చేతిలో తోలుసంచీ ఒక్కొక్కటే ఏర్పడి చివరికి దోన్ ఫెర్మీన్ ఉర్కియాగా అయ్యాయి. విచారణ పీఠం వారి కొత్త తనిఖీ అధికారి. స్పెయిన్ నుంచి దిగి ఐదు వారాలు. వెనకాల జలుబుతో ముక్కు ఎగబీలుస్తూ లేఖకుడు సిప్రియానో. ఆయన ఈ ఊరివాడే. తనిఖీ అధికారి చెయ్యవలసిన పని ఇరవై ఆరేళ్ళుగా ఆయనే చేస్తున్నాడు. ఆ కుర్చీ ఖాళీ అయిన ప్రతిసారీ దాన్లో కూర్చోవడానికి ఓడలో ఒకరు వస్తూనే ఉన్నారు.

"మీ ఊళ్ళో సూర్యుడు ఉంటాడా దోన్యా మెల్చోరా?" అన్నాడు దోన్ ఫెర్మీన్ అంగీ దులుపుకుంటూ.

"ఉంటాడు దొరగారూ. నవంబరులో వస్తాడు. ఆయనా పైనుంచి రావలసినవాడే కదా, ఆలస్యం తప్పదు."

సిప్రియానో దగ్గాడు. దగ్గే అనుకుందాం.

ముందుగదిలో కుంపటి పక్కన పాద్రీ అంబ్రోసియో తన తోలుకుర్చీలో కూర్చుని ఉన్నారు. నిద్రా మెలకువా కాని ఆ స్థితిలోనే ఆయన రోజులో ఎక్కువ భాగం గడుస్తుంది. ఒళ్ళో ఉన్ని శాలువా, తలకి ఉన్ని టోపీ, మొహంలో చిన్నపిల్లలు పాలు తాగాక ఉండే ప్రశాంతత. కిటికీ పక్కన బల్లమీద పుస్తకాలు, సిరాబుడ్డి, రెండు కుంచెలు, మెల్చోరా లేసు అల్లే దిండు, దానికి గుచ్చిన గుండుసూదులు. ఆ గుండుసూదుల్ని గుర్తుంచుకోండి.

"మావయ్యా, విచారణ పీఠం నుంచి దొరగారొచ్చారు."

"రానీ తల్లీ, రానీ. వంటింట్లో కసిల్దాని వేడి చాక్లెట్ తెమ్మను. బాబూ, ప్రయాణం బాగా జరిగిందా?"

"ఐదు వారాలైందండీ నేను వచ్చి."

"అలాగా! సముద్రం మనిషిని వెంటనే వదలదులెండి. నాకు తెలిసినాయన ఒకడు నేలమీద కూడా ఆర్నెల్లు ఊగుతూ నడిచాడు."

దోన్ ఫెర్మీన్ కూర్చోలేదు. తోలుసంచీలోంచి ఒక కాగితం తీశాడు.

"పోయిన ఆదివారం మీరు బైబిల్లోని ద్రాక్షతోట కూలీల కథ మీద ఉపన్యాసం చేశారు పాద్రీగారూ. చాలా బాగుందని ఊరంతా అంటున్నారు. కొత్త ద్రాక్ష నాటవద్దని రాజుగారి ఆజ్ఞ ఉన్న ఈకా లోయలో తోటలున్న పెద్దమనుషులు కళ్ళు తుడుచుకున్నారట. ఉపన్యాసానికి లీమా మగవాళ్ళు ఏడవగా ఎన్నడూ చూళ్ళేదని ఈ సిప్రియానో గారే చెప్పారు."

"బయట నిలబడి చుట్ట కాల్చుకుంటారు సాధారణంగా" అన్నాడు సిప్రియానో.

"అందులో ఒక మాట నేను రాయించుకున్నాను." దోన్ ఫెర్మీన్ కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. "'కాయగల నేలను కాయవద్దని ఆజ్ఞాపించేవాడు ఆ నేలకి తండ్రి కాడు, కాపలావాడు.' ఇది మీరన్నదేనా?"

మెల్చోరా చటుక్కున ఆ కాగితం వైపు తిరిగింది.

ఆ వాక్యం ఆవిడకి తెలుసు. ఫ్రెంచివాళ్ళ 'ఇంటి పనుల నిఘంటువు', మొదటి సంపుటం, రెండువందల పన్నెండో పుట, 'ద్రాక్ష' అన్న మాట కింద, తొమ్మిదో వరుస. సబ్బు ఎలా కాయాలి, మరకలెలా పోగొట్టాలి, చక్కెర పాకం ఏ తీగకి దించాలి అని చెప్పే మూడు సంపుటాల పుస్తకం అది. ఆ రాసినాయనెవరో గడుసువాడు. పాకం తీగకి వచ్చేలోగా రాజుల సంగతి, పన్నుల సంగతి, మనిషికి పుట్టుకతో వచ్చిన హక్కుల సంగతి ఒక వాక్యంలో చెప్పేసి మళ్ళీ గరిటె తిప్పడంలోకి దిగిపోతాడు. లీమాకి వచ్చింది ఒక్క ప్రతే. అది రేవు నుంచి తిన్నగా ఈ ఇంటికే వచ్చింది. తొమ్మిదో వరుస మీద సిరా పూసింది మెల్చోరాయే. మరి మావయ్యకి ఎలా తెలిసింది?

"అవును బాబూ, నేనన్నదే" అన్నారు పాద్రీగారు సంతోషంగా. "బాగుంది కదూ?"

"ఎక్కడిదండీ ఈ మాట?"

"కలలోది."

సిప్రియానో కలం సిరాలో ముంచబోయి ఆగిపోయాడు.

"కలలోది" అన్నారు మళ్ళీ ముసలాయన. "ఈమధ్య దేవుడు నా మీద చాలా దయ చూపిస్తున్నాడు. ఇలా మధ్యాహ్నాలు కునుకు పడుతుందా, ఎవరో ఆడమనిషి గొంతు వినిపిస్తుంది. సన్నగా, దూరంగా, నీళ్ళ అవతల నుంచి వచ్చినట్టు. ఎన్ని గొప్ప మాటలు చెబుతుందనుకున్నారు! మనుషులందరూ ఒకే మట్టి అనీ, అధికారం అన్నది అప్పుగా తెచ్చుకున్న చొక్కా లాంటిదనీ. నేను లేచాక మర్చిపోకుండా నాలుగుసార్లు వల్లించుకుంటాను. దేవమాతే అయ్యుంటుందని నా నమ్మకం. కాకపోతే ఒక్కటే సందేహం..."

"ఏమిటది?"

"కాస్త మన లీమా యాస."

మెల్చోరా బల్ల అంచు పట్టుకుంది.

ఆవిడకి చిన్నప్పట్నించీ ఒక అలవాటు. చదివేటప్పుడు పెదవులు ఊరుకోవు. జపం చేసినట్టు, దోమ పాడినట్టు, వినీ వినపడకుండా పైకి అంటుంది. ఫ్రెంచి వాక్యాన్ని తన భాషలోకి మార్చుకుంటూ, ఒకటికి రెండుసార్లు నాలుక మీద తిప్పి, సరిగా కుదిరాక అప్పుడు సిరా పూస్తుంది. నాలుగేళ్ళుగా రోజూ మధ్యాహ్నం. నాలుగేళ్ళుగా నాలుగు అడుగుల అవతల ఆ తోలుకుర్చీ.

ఆ క్షణంలో ఆవిడకి ఆ ఇల్లంతా కొత్తగా కనిపించింది. తను చెరిపేశానని అనుకున్న మాటలేవీ చెరగలేదు. కుంపటి సెగతో పైకి లేచాయి. తెరల మడతల్లో దాక్కున్నాయి. ముసలాయన చెవిలోంచి కలలోకి, కలలోంచి ఉపన్యాసంలోకి, అక్కడినుంచి చర్చి మెట్లు దిగి మంచులో కలిసిపోయాయి. ముసుగులోంచి ఒంటికన్ను మాత్రమే కనబడేలా వీధుల్లో తిరిగే ఆడవాళ్ళు వాటిని పూలతోపాటు ఇళ్ళకి పట్టుకెళ్ళారు. ద్రాక్షతోటల పెద్దమనుషులు గుర్రాల మీద లోయల్లోకి మోసుకుపోయారు. ఊరంతా మెల్లగా, ఎవరికీ తెలియకుండా, మెల్చోరా పెదవుల్లోంచి వచ్చిన తెల్లటి ఆవిరిని పీలుస్తోంది. ఊరికి మంచు పట్టింది ఆగస్టు వల్ల కాదేమో అనిపించింది ఆవిడకి.

"దేవమాత" అన్నాడు దోన్ ఫెర్మీన్ నెమ్మదిగా. సంచీలోంచి రెండో కాగితం తీశాడు. "ఈ వాక్యం మా జాబితాలో ఉంది పాద్రీగారూ. పుట, వరుస అన్నీ కలిపి. దేవమాత ఈమధ్య ఫ్రెంచి పుస్తకాలు చదువుతోందంటారా?"

ముసలాయనకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఆయన మొహంలో సంతోషం ఇంకా అలాగే ఉంది.

"చూడండి" అన్నాడు దోన్ ఫెర్మీన్ మెల్చోరా వైపు తిరిగి. "నేను కఠినుణ్ణి కాను. ఇక్కడి గాలిలో పుట్టిన బుర్రలు తొందరగా పండి తొందరగా మెత్తబడతాయని మావాళ్ళు అంటారు."

"అందుకేగా దొరగారూ, మాకు గట్టివి ఓడల్లో పంపిస్తుంటారు."

ఈసారి సిప్రియానో దగ్గు చాలాసేపు తగ్గలేదు.

దోన్ ఫెర్మీన్ ఎర్రబడ్డాడు గానీ మాట తప్పించలేదు. "నా మనసులో ఉన్నది రెండే దారులు. ఒకటి, పాద్రీగారికి చూపు లేదు, ఈ పని ఇంకెవరో చేస్తున్నారు. ఊళ్ళో అలా కూడా అనుకుంటున్నారు. రెండు, ఆయనకి చూపుంది. ఏది నిజమో ఇప్పుడే తేలిపోతుంది. పాద్రీగారూ, నా ఎదుట ఒక్క వాక్యం పూస్తారా?"

"ఊళ్ళో ఎవరలా అనేది?" అన్నారు పాద్రీగారు కోపంగా. "ప్రతి పుస్తకంలోనూ చివరి వాక్యం నా చేత్తో నేనే పూస్తాను. అమ్మాయ్, ఏదీ, ఆ మూడో సంపుటం!"

ఇది నిజమే. అదొక్కటీ ఆయన ఎవరికీ వదల్లేదు. అందుకే మెల్చోరా ఒక ఉపాయం కనిపెట్టింది. వాక్యం మొదలయ్యే చోటా ముగిసే చోటా పుట అంచున గుండుసూదితో సన్నటి చిల్లులు పొడుస్తుంది. ముసలాయన ఎడమచేతి వేలు అంచు వెంబడి జారుతుంది, చిల్లు తగలగానే ఆగుతుంది, కుడిచేతి కుంచె గీత గీసినట్టు సాగిపోతుంది. మూడో సంపుటంలో మిగిలింది 'సబ్బు' ఒక్కటే. నిన్ననే పొడిచి ఉంచింది.

మెల్చోరా పుస్తకం తెరిచి మావయ్య ముందు పెట్టింది. ఆలోచించలేదు. ఆయన పరువు నిలబెట్టడం నాలుగేళ్ళుగా చేతులకి అలవాటైపోయింది. సాయంత్రం కాగానే దీపం వెలిగించినట్టు వాటంతట అవే చేసేశాయి.

వేలు జారింది. ఆగింది. కుంచె ముణిగింది, లేచింది, సాగింది. ఆరు వరుసలు, ఒక్క చుక్క పక్కకి పోలేదు. ఆరో వరుస చివర కుంచెని చిన్నగా తిప్పి ఎత్తడం చూస్తే ఎంత ఠీవి!

దోన్ ఫెర్మీన్ జాబితాతో సరిచూసుకున్నాడు. మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా సరిపోయింది.

గెలిచాం అనుకుంది మెల్చోరా.

"రాసుకోండి సిప్రియానో గారూ" అన్నాడు దోన్ ఫెర్మీన్. "చూపు బాగుంది. చూపు బాగుంది కాబట్టి పుస్తకం చదివారు. చదివారు కాబట్టి తెలిసే చెప్పారు. కల మాట బుకాయింపు. పాద్రీగారూ, బండి సందు మొదట్లో ఉంది. మీ అంగీ వేసుకోండి."

మూడు వాక్యాలు. ఒకదాని తోక ఇంకోటి పట్టుకుని. పరీక్షలో మావయ్యని నెగ్గించినది మెల్చోరా గుండుసూదే. దాంతోనే ఆయన్ని దోషిని కూడా చేసింది.

"బండిలో ఎక్కడికి?" అన్నారు పాద్రీగారు. "భోజనానికా? అమ్మాయ్, నా పాత టోపీ ఇయ్యి. ఈ కొత్తది పదిమందిలో బాగుండదు." లేచి, కుర్చీ చేతిని వదిలి, గాల్లో చెయ్యి చాపి అంగీ కోసం తడుముకున్నారు. అంగీ ఆయన కుడివైపు మేకుకి ఉంది. ఆయన ఎడమవైపు వెతుకుతున్నారు.

మెల్చోరా ఆ చెయ్యి చూసింది. ఆ ముసలి చెయ్యి రేపు ఏ గోడల మధ్య ఇలా తడుముకుంటుందో ఊహించింది. ఇక ఊహించలేకపోయింది.

"దొరగారూ, పూసేది నేను."

దోన్ ఫెర్మీన్ ఆవిడ వైపు తిరిగాడు.

"నాలుగేళ్ళుగా నేనే. ఆయన చివరి వాక్యం పూస్తారు, అదీ చిల్లులు తడిమి. పుట వెలుతురుకి పెట్టి చూడండి. చదివేది నేను. చదివేటప్పుడు నాకు పైకి అనే అలవాటు. ఆయన నిద్రలో విన్నారు. దేవమాత కాదు మావయ్యా, నేనే. నన్ను క్షమించు."

"అమ్మాయ్" అన్నారు పాద్రీగారు, "నువ్వు కళ్ళు మూసుకునే పూశావు కదూ?"

ఆ ప్రశ్నకి మెల్చోరా ఒంటరిగా ఉన్నప్పుడు చాలా రోజులు ఏడవబోతోంది.

దోన్ ఫెర్మీన్ నవ్వాడు. మొట్టమొదటిసారి, హాయిగా.

"ఫ్రెంచి! మీరు! దోన్యా మెల్చోరా, మీ పాయసం గురించి విన్నాను, ఎవరింటికెళ్ళినా అదే మాట. మేనమామ మీద ప్రేమ మంచిదే. కానీ అబద్ధం ఆడేటప్పుడు ఇంతకన్నా కాస్త చిన్నది చూసుకోవాలి." పుట వెలుతురుకి పెట్టలేదు. చిల్లులు చూస్తే తను ఇప్పుడే రాయించిన మూడు వాక్యాలు కొట్టేయించాలి. "సరే, ఒక పని చేద్దాం. మొదటి సంపుటంలోది పాద్రీగారి ఉపన్యాసంలో మీరూ వినుంటారు. రెండోదాన్లోది చెప్పండి. 'చక్కెర'. మూడువందల నాలుగో పుట. ఇదుగో, చూడండి, మొత్తం నల్లగా ఉంది. కింద ఏముందో ఈ కాగితంలో నకలుంది. ఒక్క మాట తప్పకుండా చెబితే నమ్ముతాను. ఒక్కటి తప్పినా పాద్రీగారు బండెక్కుతారు."

చక్కెర.

ఇంకేదైనా అడిగితే బాగుండేది. 'సబ్బు' అడిగినా, 'పట్టు' అడిగినా, 'గొర్రెలు' అడిగినా.

ఎందుకో చెప్పాలంటే కసిల్దా గురించి చెప్పాలి. కసిల్దా ఈ ఇంట్లో వంట చేస్తుంది. మెల్చోరా పెళ్ళినాడు తోడుగా వచ్చింది. తోడుగా అన్నది మెల్చోరా మాట. పెళ్ళి కట్నం పత్రంలో వెండి పళ్ళేలకీ గాడిదకీ మధ్య వరుసలో, బానిసగా, ఆవిడ పేరుంది. మెల్చోరా భర్త చనిపోతూ, కసిల్దాకి స్వేచ్ఛ ఇస్తున్నానని కాగితం రాయించాడు. మెల్చోరా సంతకం ఒక్కటే మిగిలింది. ఆ కాగితం ఆరేళ్ళుగా లేసు పెట్టే సొరుగులో, లేసు కింద ఉంది. వచ్చే ఈస్టరుకి చూద్దాం కసిల్దా. మావయ్యకి కాస్త నయం కానీ కసిల్దా. నువ్వు లేకపోతే నాకు ఇంట్లో ఏం తోస్తుంది కసిల్దా.

పోయిన ఉపవాసాల నెలలో ఈ 'చక్కెర' పుట చదువుతుండగా కసిల్దా చాక్లెట్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఆగింది. "అమ్మగారూ, మీరలా గొణుగుతుంటే వింటూ నిలబడిపోయి పాలు పొంగబెట్టుకున్నాను" అంది. కాసేపాగి అడిగింది: "ఆ మనుషులందరూ అన్నాడే ఆయన, ఆ అందర్లో ఎవరెవరుంటారమ్మా?" "చాక్లెట్ చల్లారిపోతోంది" అంది మెల్చోరా. ఆ పుటలో చివరి వరుస ఆవిడ ఒక్కసారే చదివింది. రెండోసారి నాలుక మీద తిప్పలేదు. ఆ వరుస మీద సిరా మాత్రం మూడు పూతలు పూసింది.

"చెప్పండి" అన్నాడు దోన్ ఫెర్మీన్.

మెల్చోరా కళ్ళు మూసుకుంది. మావయ్య చెప్పినట్టు.

"'ఈ తెల్లటి పొడిని నాలుక మీద వేసుకునేముందు, దీన్ని తెల్లగా చేసిన చేతుల్ని తలుచుకోండి.'"

గొంతు సన్నగా, దూరం నుంచి, నీళ్ళ అవతల నుంచి వచ్చినట్టు వచ్చింది. మళ్ళీ కుర్చీలో కూలబడ్డ పాద్రీగారు తల ఎత్తారు. ఆ గొంతుని ఆయన గుర్తుపట్టారు.

"'సముద్రం దాటి వచ్చిన ప్రతి బస్తాలోనూ ఒక మనిషి ఆయువు కలిసి ఉంది. ప్రకృతి మనుషులందరినీ ఒకేలా కన్నది, ఎవరినీ యజమానిగా కనలేదు. బలం కన్నది, భయం పెంచింది, చట్టం వచ్చి పేరు పెట్టింది. దూరాన ఉన్న రాజు తమ చేతులు కట్టేశాడని మొరపెట్టుకునే ప్రజలారా, మీ మొర న్యాయమైనదే...'"

దోన్ ఫెర్మీన్ నవ్వు ఎక్కడో వరుసల మధ్య జారిపోయింది. కాగితం మీద వేలు పెట్టి వెంబడిస్తున్నాడు. ఒక్క మాట తప్పలేదు. సిప్రియానో కలం సిరాలో ముంచాడు గానీ రాయడం లేదు. వింటున్నాడు. కలం కొనన ఒక చుక్క పెరిగి పెరిగి కాగితం మీద పడింది.

మెల్చోరా ఆగింది.

"ఇంకో వరుస ఉంది" అన్నాడు దోన్ ఫెర్మీన్.

ఉంది. ఆవిడకి గుర్తు లేక కాదు. వంటింటి గుమ్మం దగ్గర చాక్లెట్ వాసన వస్తోంది. కళ్ళు తెరవక్కర్లేకుండానే అక్కడ ఎవరు నిలబడి ఉన్నారో తెలుస్తోంది. ఆ మనిషి ఎదుట ఆ వరుస పైకి అనాలి. అంటే మావయ్య దక్కుతారు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

"తెలియదన్నమాట." దోన్ ఫెర్మీన్ ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే ఆయన దగ్గర విన్నంతవరకు చెప్పారు. సిప్రియానో గారూ, బండి..."

"'స్వేచ్ఛ కావాలని రాజుగారి తలుపు తట్టేవాడు, ముందు తన వంటింటి తలుపు తీసి చూసుకోవాలి.'"

గొంతు వంటింటి గుమ్మంలోంచి వచ్చింది.

తొందర లేదు ఆ గొంతులో. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పినంత మామూలుగా ఉంది. దోన్ ఫెర్మీన్ కాగితం వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు, మళ్ళీ కాగితం వైపు చూశాడు. చివరి చుక్క దాకా అదే.

"ఈవిడకి... చదువొచ్చా?"

"అక్షరం రాదు దొరగారూ" అన్నాడు సిప్రియానో. ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి గట్టిగా, దగ్గకుండా. "నిద్రలో విన్నాయన అబద్ధమాడుతున్నాడన్నారు కదా. మరి మెలకువగా విన్నామె ఈవిడ."

మెల్చోరా కళ్ళు తెరిచింది. ఒక్కసారే అన్నాను, అనుకుంది. ఒక్కసారే, అదీ గొణుగుతూ.

కసిల్దా ఆవిడ వైపే చూస్తోంది. కోపంగా కాదు. ఆరేళ్ళుగా మూసి ఉన్న ఒక సొరుగుని చూసినట్టు చూస్తోంది.

"ఇలా రా" అన్నాడు దోన్ ఫెర్మీన్. గొంతు తగ్గింది. "నువ్వన్నది ఎంత ప్రమాదమైన మాటో నీకు తెలుసా? ఇలాంటివి ఇంకా ఎన్ని వచ్చు నీకు?"

కసిల్దా నాలుగు గిన్నెల పళ్ళెం బల్లమీద పెట్టింది. పాద్రీగారి గిన్నె ఆయన చేతికి అందేలా జరిపింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. ఆ ఖాళీ చేతుల్ని, మొదటిసారి చూస్తున్నట్టు, ఒకసారి తిప్పి చూసుకుంది.

"ఏ పుట నుంచి మొదలెట్టమంటారు దొరా?"